రిమోట్ సర్వర్లలో సర్వీసుల నిర్వహణ: ఆన్సిబుల్‌తో, రూట్ హక్కులతో, జాగ్రత్తగా

ఒక సర్వర్‌లో ఒక సర్వీసును రీస్టార్ట్ చేయడానికి ఏ గైడూ అక్కర్లేదు. లాగిన్ అయి, ముందు సుడో (రూట్ హక్కుతో నడిపించే కమాండ్) పెట్టి, సిస్టమ్‌సీటీఎల్ (సర్వీసులను ఆపి, మొదలుపెట్టే కమాండ్) రీస్టార్ట్ అని కొడితే పని అయిపోతుంది. అదే పని నలభై సర్వర్లలో, వాడుకునేవాళ్లకు తెలియకుండా, మీరు లేనప్పుడు మీ టీమ్‌లో ఇంకొకరు కూడా చేయగలిగేలా ఉండాలంటే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. రూట్ హక్కు, అంటే మెషీన్ మీద పూర్తి అధికారం, ఎవరి చేతికి, ఎంతవరకు ఇచ్చాం? టూల్ ‘ఓకే’ అన్న తర్వాత సర్వీసు నిజంగానే పనిచేస్తోందా? ఈ గైడ్‌లో ఎక్కువ చోటు ఈ రెండిటికే ఇచ్చాను. మిగతా మెట్లు సులువైనవి, వాటిని త్వరగా దాటేద్దాం.

టూల్‌గా ఆన్సిబుల్‌ను తీసుకుంటున్నాను. ఒక మెషీన్ నుంచి చాలా సర్వర్లకు పనులు చెప్పి చేయించేది ఇది. మైఖేల్ డిహాన్ దీన్ని 2012లో విడుదల చేశాడు, 2015లో రెడ్ హ్యాట్ కంపెనీ కొనుక్కుంది. అవతలి మెషీన్లలో ఏ ఏజెంటూ (ఎప్పుడూ నడుస్తూ ఉండే సహాయక ప్రోగ్రామ్) ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు మెషీన్‌లోకి భద్రంగా వెళ్లే పద్ధతి) లాగిన్, పైథాన్ ఉంటే చాలు. సర్వీసుల నిర్వహణకు ఇదే పెద్ద సౌకర్యం. ఏజెంటు మీద ఆధారపడే టూల్ అయితే, ఆ ఏజెంటే పడిపోయినప్పుడు దాన్ని లేపడానికి మళ్లీ ఎస్‌ఎస్‌హెచ్ దగ్గరికే రావాలి.

కమాండ్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

1. కంట్రోల్ మెషీన్

ఆన్సిబుల్ నడిచే కంప్యూటర్‌ను కంట్రోల్ నోడ్ అంటారు. అది లినక్స్ గానీ, మ్యాక్ గానీ అయివుండాలి. విండోస్ వాడేవాళ్లు డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపే సౌకర్యం) లోపల పెట్టుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేయడం పిప్‌తోనో, డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీతోనో నిమిషాల పని.

ఒక్క విషయం ముందే చూసుకోండి. ఆన్సిబుల్ కోర్ 2.17 నుంచి అవతలి మెషీన్‌లో పైథాన్ 3.7 గానీ, అంతకంటే కొత్తది గానీ ఉండాలి. రెడ్ హ్యాట్ 8 తరం సర్వర్లలో సిస్టమ్‌తో పాటు వచ్చేది 3.6. పాత సర్వర్లు ఎక్కువగా ఉన్నచోట కంట్రోల్ నోడ్‌లో తాజా వెర్షన్ పెట్టేస్తే, నిన్నటిదాకా నడిచిన ప్లేబుక్ (చేయాల్సిన పనులు, అంటే టాస్కులు, రాసిన ఫైల్) ఈరోజు అర్థంకాని పైథాన్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. కాబట్టి వెర్షన్‌ను ఫిక్స్ చేసి, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టుకోండి.

ఈ మెషీన్‌ను ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ఉంచకపోవడం మేలు. మీ సర్వర్లన్నిటికీ రూట్‌గా వెళ్లే దారి ఇక్కడి నుంచే మొదలవుతుంది కాబట్టి, అన్ని సర్వర్ల కంటే ఎక్కువ కాపలా దీనికే కావాలి. లాగిన్ అయ్యేవాళ్లు తక్కువమంది ఉండాలి, ప్రతి ఒక్కరికీ సొంత అకౌంట్ ఉండాలి, అందులో వెబ్‌సైట్లూ డేటాబేస్‌లూ ఏవీ నడవకూడదు.

2. అకౌంటు, కీ

ప్రతి సర్వర్‌లోనూ ఆటోమేషన్ కోసమే ఒక యూజర్‌ను సృష్టించండి. ‘డిప్లాయ్’ అనో, ‘ఆటో’ అనో మీ ఇష్టమైన పేరు పెట్టుకోండి. నేరుగా రూట్‌గా లాగిన్ అయ్యే అలవాటు వద్దు. ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో పర్మిట్‌రూట్‌లాగిన్ అన్న సెట్టింగ్‌ను ‘నో’ చేయండి. వేరే యూజర్‌గా వచ్చి సుడోతో పైకి వెళితే, ఎవరు ఎప్పుడు ఏం నడిపారన్నది లాగ్‌లో మిగులుతుంది. డెబియన్, ఉబుంటు కుటుంబంలో అది ఆత్.లాగ్ ఫైల్‌లోనూ, రెడ్ హ్యాట్ కుటుంబంలో సెక్యూర్ అనే ఫైల్‌లోనూ కనిపిస్తుంది.

కీ కోసం ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌కు ఈడీ25519 రకం చెప్పండి. పాస్‌ఫ్రేజ్ తప్పకుండా పెట్టండి, రోజంతా పదేపదే టైప్ చేయకుండా ఎస్‌ఎస్‌హెచ్-ఏజెంట్ వాడుకోండి. ఎస్‌ఎస్‌హెచ్-కాపీ-ఐడీతో పబ్లిక్ కీని సర్వర్లకు పంపాక, అవతల ఆథరైజ్డ్_కీస్ ఫైల్‌లో ఆ కీ ఉన్న వరుస మొదట్లో ‘ఫ్రమ్’ అనే నియమం చేర్చి, కంట్రోల్ నోడ్ ఐపీ అడ్రస్ రాయండి. అప్పుడు కీ ఎవరి చేతిలో పడినా, వేరే చోటి నుంచి అది పనిచేయదు. చాలామంది ఈ చిన్న వరుసను పట్టించుకోరు.

హోస్ట్ కీ చెకింగ్‌ను (అవతల ఉన్నది అసలైన సర్వరేనా అని చూసే పరీక్ష) ఆపేయమని చెప్పే చిట్కాలు ఎక్కడ చూసినా ఉంటాయి. ఆపకండి. కొత్త సర్వర్ల హోస్ట్ కీలను ముందే సేకరించి నోన్_హోస్ట్స్ ఫైల్‌లో పెట్టుకుంటే ‘ఈ సర్వర్‌ను నమ్మాలా’ అన్న ప్రశ్నే రాదు.

3. సుడో: అసలు మెలిక ఇక్కడే

సర్వీసును ఆపడానికి, మొదలుపెట్టడానికి రూట్ హక్కు కావాలి. ఆన్సిబుల్‌లో దీనికి ‘బికమ్’ అనే మాట ఉంది. బికమ్ ట్రూ అంటే, వేరే ఏమీ చెప్పకపోతే, సుడో ద్వారా రూట్ అవుతుంది. పాస్‌వర్డ్ కావాలంటే కమాండ్ చివర పెద్దక్షరం ‘-కె’ ఇస్తే మొదట్లోనే ఒకసారి అడుగుతుంది.

జాగ్రత్త తెలిసిన అడ్మిన్‌కు ఇక్కడ సహజంగా వచ్చే ఆలోచన ఒకటుంది. ‘ఈ యూజర్‌కు మొత్తం రూట్ ఎందుకు, సుడోయర్స్‌లో (సుడో నియమాల ఫైల్) సిస్టమ్‌సీటీఎల్ ఒక్కదానికే అనుమతి ఇద్దాం’ అని. ఆలోచన మంచిదే, కానీ ఆన్సిబుల్ మాడ్యూళ్లతో (ఒక్కో రకం పని చేసే చిన్న ప్రోగ్రాములు) అది నడవదు. కారణం తెలుసుకుంటే తర్వాతి నిర్ణయాలు సులువవుతాయి. ఆన్సిబుల్ సర్వీస్ మాడ్యూల్‌ను నడిపేటప్పుడు సుడో ద్వారా నేరుగా సిస్టమ్‌సీటీఎల్‌ను పిలవదు. ఒక పైథాన్ ఫైల్‌ను అవతలి మెషీన్‌లోని తాత్కాలిక ఫోల్డర్‌లోకి పంపి, సుడో ద్వారా షెల్‌ను పిలిచి, ఆ షెల్ చేత పైథాన్‌ను నడిపిస్తుంది. సుడోకు కనిపించేది షెల్ మాత్రమే. ఫోల్డర్ పేరు ప్రతిసారీ మారిపోతుంది కాబట్టి ఆ ఫైల్ పేరుతోనైనా నియమం రాయలేరు. షెల్‌కు అనుమతి ఇస్తే మొత్తం రూట్ ఇచ్చినట్టే.

అందుకని మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, ఆ యూజర్‌కు పూర్తి సుడో ఇచ్చేసి, కాపలా అంతా కంట్రోల్ నోడ్ దగ్గర పెట్టడం. కాన్ఫిగ్ ఫైళ్లు, ప్యాకేజీలు, సర్వీసులు అన్నీ ఆన్సిబుల్‌తోనే చూసుకునే చోట ఇదొక్కటే ఆచరణలో నిలిచేది. మనిషి దగ్గరుండి నడిపేటప్పుడు పాస్‌వర్డ్ అడిగేలా ఉంచండి. షెడ్యూల్ ప్రకారం దానంతట అది నడవాలంటే పాస్‌వర్డ్ లేని సుడో తప్పదు. అప్పుడు పైన చెప్పిన ‘ఫ్రమ్’ నియమం ఉండి తీరాలి.

రెండోది, సర్వీసులు తప్ప ఇంకేమీ ముట్టుకోని యూజర్‌కు ఇరుకైన సుడో ఇవ్వడం. ఇందులో బికమ్ వాడరు. కమాండ్ మాడ్యూల్ లోపలే సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ ఎన్‌జిన్‌ఎక్స్.సర్వీస్ అని పూర్తిగా రాస్తారు (ఎన్‌జిన్‌ఎక్స్ ఒక వెబ్ సర్వర్). సుడోయర్స్‌లో కూడా అదే వాక్యం పూర్తి పాత్‌తో, అక్షరం తేడా లేకుండా ఉండాలి. టైపింగ్ తగ్గుతుందని రీస్టార్ట్ పక్కన నక్షత్రం గుర్తు పెట్టకండి. సుడోయర్స్‌లో ఆర్గ్యుమెంట్ల చోట నక్షత్రం ఖాళీలను కూడా కలుపుకుంటుంది. ఒక్క సర్వీసు పేరు కోసం పెట్టిన గుర్తు వెనకాల ఎన్ని సర్వీసులైనా, ఎన్ని ఆప్షన్లైనా దూరిపోతాయి. స్టేటస్ చూడటానికి సుడో అనుమతి ఇవ్వనే వద్దు. స్టేటస్ చూపించేటప్పుడు సిస్టమ్‌సీటీఎల్ లెస్ అనే పేజర్‌ను (పేజీ పేజీగా చూపించే ప్రోగ్రామ్) తెరుస్తుంది. సిస్టమ్‌డి (లినక్స్‌లో సర్వీసులన్నిటినీ నడిపేది) పాత వెర్షన్లలో ఆ పేజర్ నుంచి ఆశ్చర్యార్థకం కొట్టి రూట్ షెల్‌లోకి దిగిపోవచ్చు. అయినా స్టేటస్‌కు మామూలు యూజర్ సరిపోతాడు.

మూడోది పాల్‌కిట్, ఏ యూజర్ ఏ పని చేయవచ్చో తేల్చే లినక్స్ సౌకర్యం. సిస్టమ్‌డికి అందే విన్నపాన్ని పరిశీలించి ‘ఈ యూజర్ ఈ యూనిట్‌ను (సిస్టమ్‌డి భాషలో ఒక సర్వీసు) రీస్టార్ట్ చేయవచ్చు’ అని నియమం రాయవచ్చు. శుభ్రమైన పద్ధతే కానీ, పాల్‌కిట్ నియమాలు చదవగలిగేవాళ్లు టీమ్‌లో ఎందరున్నారో చూసుకుని దిగండి. అర్థంకాని భద్రతా నియమాన్ని సమస్య వచ్చిన రాత్రి ఎవరో ఒకరు తీసేస్తారు.

ఏ దారి పట్టినా సుడో నియమాలను అసలు సుడోయర్స్ ఫైల్‌లో కాకుండా సుడోయర్స్.డి ఫోల్డర్‌లో వేరే ఫైల్‌గా పెట్టండి. ఆ ఫైల్ పేరులో చుక్క ఉండకూడదు. చుక్క ఉన్న ఫైళ్లను సుడో చూడదు, ఎర్రర్ కూడా చూపదు. ‘డిప్లాయ్.కాన్ఫ్’ అని పేరు పెట్టి గంటలకొద్దీ వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పర్మిషన్ 0440 ఉండాలి. ఆన్సిబుల్‌తోనే ఈ ఫైల్‌ను పంపేటట్లయితే వాలిడేట్ అన్న ఆప్షన్‌లో విసుడో -సీఎఫ్ పెట్టండి. సుడో ఫైల్‌లో ఒక్క కామా తప్పినా ఆ సర్వర్‌లోకి సుడోతో వెళ్లే దారి మొత్తం మూసుకుపోవచ్చు, సరిదిద్దడానికి కూడా సుడోయే కావాలి మరి.

ఇంకో లొసుగు. సర్వీసు యూనిట్ ఫైల్‌నో (సర్వీసు ఎలా నడవాలో రాసిన ఫైల్), అది నడిపే స్క్రిప్టునో మామూలు యూజర్ మార్చగలిగితే ఇన్ని నియమాలూ దండగ. రీస్టార్ట్ చేసే హక్కుకు, ఫైల్ మార్చే హక్కు తోడైతే అది రూటే.

4. ఇన్వెంటరీ, మొదటి పలకరింపు

ప్రాజెక్టుకు ఒక ఫోల్డర్ పెట్టుకుని, అందులో ఇన్వెంటరీ ఫైల్ (సర్వర్ల జాబితా), ఆన్సిబుల్.సీఎఫ్‌జీ ఫైల్ (సెట్టింగులు) ఉంచండి. సర్వర్లను చేసే పనిని బట్టి గ్రూపులు చేయండి: వెబ్, డీబీ, క్యూ. ప్రొడక్షన్‌కు, టెస్టింగ్‌కు ఒకే ఇన్వెంటరీ వద్దు, వేర్వేరు ఫైళ్లు పెట్టుకోండి. అలసిపోయినప్పుడు మనిషిని కాపాడేది ఆ దూరమే.

తర్వాత ఆన్సిబుల్ వెబ్ -ఎం పింగ్ అని నడపండి. ఇది నెట్‌వర్క్ పింగ్ కాదు. లాగిన్ అయి, పైథాన్ నడిచి, జవాబు తిరిగొచ్చిందా అని చూస్తుంది. అది అయ్యాక -బి (బికమ్) చేర్చి కమాండ్ మాడ్యూల్‌తో హూఆమ్ఐ (ఏ యూజర్‌గా నడుస్తోందో చెప్పే కమాండ్) నడపండి. ప్రతి సర్వర్ నుంచీ రూట్ అని రావాలి. ఈ రెండూ విడివిడిగా చేయడంలో లాభం ఉంది. మొదటిది తప్పితే లోపం లాగిన్‌లో ఉంది, రెండోది తప్పితే సుడోలో ఉంది.

ఎర్రర్లను కూడా ఇలాగే వేరు చేసి చదవండి. అన్‌రీచబుల్ అని వస్తే సర్వర్ దాకా చేరలేదని అర్థం: కీ, ఫైర్‌వాల్, పోర్ట్, పేరు చూడండి. ఫెయిల్డ్ అని వస్తే చేరింది కానీ పని కాలేదు. మిస్సింగ్ సుడో పాస్‌వర్డ్ అన్నది ‘-కె’ మరిచిపోయినప్పుడు గానీ, సుడోయర్స్.డి లోని ఫైల్ చదవబడనప్పుడు గానీ వస్తుంది.

5. ముట్టుకునే ముందు చూడండి

సర్వీస్_ఫ్యాక్ట్స్ మాడ్యూల్ అవతలి మెషీన్‌లోని సర్వీసులన్నిటి జాబితా తెస్తుంది, ఏది నడుస్తోందో, ఏది బూట్‌లో మొదలవుతుందో సహా. మొదటిసారి పాత సర్వర్ల మీద దీన్ని నడిపితే, ఒకే రకం అనుకున్న మెషీన్ల మధ్య ఉన్న తేడాలు బయటపడతాయి.

పేర్ల తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. అపాచీ సర్వీసు డెబియన్‌లో అపాచీ2, రెడ్ హ్యాట్‌లో హెచ్‌టీటీపీడీ. క్రాన్ ఒకచోట క్రాన్, మరోచోట క్రాన్‌డి. ఎస్‌ఎస్‌హెచ్ ఒకచోట ఎస్‌ఎస్‌హెచ్, మరోచోట ఎస్‌ఎస్‌హెచ్‌డి. పేర్లను ప్లేబుక్‌లో నేరుగా రాసేయకుండా గ్రూప్ వేరియబుల్స్‌లో పెట్టండి.

6. ప్లేబుక్: నాలుగు స్థితులు, ఒక స్విచ్

ప్లేబుక్‌లో ఒక టాస్క్ రాసేటప్పుడు సర్వీస్ మాడ్యూల్‌కు పేరు, స్టేట్, ఎనేబుల్డ్ అనే మూడు సంగతులు చెబుతారు. స్టేట్‌కు నాలుగు విలువలున్నాయి.

స్టార్టెడ్, స్టాప్డ్ అనేవి స్థితిని కోరతాయి. ఇప్పటికే ఆ స్థితిలో ఉంటే ఏమీ చేయవు. వీటిని ఎన్నిసార్లు నడిపినా ప్రమాదం లేదు. రీస్టార్టెడ్, రీలోడెడ్ అనేవి చర్యలు. ప్రతిసారీ జరుగుతాయి, ప్రతిసారీ ‘ఛేంజ్డ్’ అని చూపిస్తాయి. ప్లేబుక్ టాస్కుల్లో నేరుగా రీస్టార్టెడ్ అని రాసుకున్నవాళ్లకు, ఇంకేదో చిన్న మార్పు కోసం ప్లేబుక్ నడిపినప్పుడు కూడా సర్వీసు పడిలేస్తుంది. ఆ మాట ఉండాల్సిన చోటు హ్యాండ్లర్, కింద చెబుతాను. రీలోడెడ్‌లో మరో తిరకాసు: సర్వీసు ఆగి ఉంటే, ఆన్సిబుల్ దాన్ని మొదలుపెట్టేస్తుంది. కావాలని ఆపి ఉంచిన సర్వర్‌లో ఇది ఇబ్బందే.

ఎనేబుల్డ్ అనేది బూట్‌కు సంబంధించిన స్విచ్. స్టార్టెడ్‌తో దానికి సంబంధం లేదు. స్టార్టెడ్ రాసి ఎనేబుల్డ్ మరిచిపోతే సర్వీసు బాగానే నడుస్తుంది, నెలల తర్వాత కెర్నల్ అప్‌డేట్ కోసం రీబూట్ చేసిన రోజు మాయమవుతుంది.

యూనిట్ ఫైల్ మార్చినప్పుడు మామూలు సర్వీస్ మాడ్యూల్ చాలదు. సిస్టమ్‌డి మాడ్యూల్ తీసుకుని డీమన్_రీలోడ్ ట్రూ పెట్టాలి, లేకపోతే పాత నిర్వచనంతోనే రీస్టార్ట్ అవుతుంది. ఎవరూ పొరపాటున కూడా మొదలుపెట్టకూడని సర్వీసుకు మాస్క్‌డ్ ట్రూ ఉంది. ఆపినా మళ్లీ లేస్తున్న సర్వీసు కనిపిస్తే దాని సాకెట్ యూనిట్ (కనెక్షన్ రాగానే సర్వీసును లేపేది) చూడండి. డాకర్.సర్వీస్‌ను ఆపి డాకర్.సాకెట్‌ను వదిలేస్తే, ఎవరో ఆ సాకెట్‌ను తాకగానే డాకర్ లేచి కూర్చుంటుంది.

బికమ్‌ను ప్లే మొత్తానికి కాకుండా, అవసరమైన టాస్కుకే పెట్టండి. చూడటం, ఆరోగ్యం పరీక్షించడం లాంటి వాటికి రూట్ ఎందుకు?

7. హ్యాండ్లర్లు, అవి మింగేసే రీస్టార్ట్

కాన్ఫిగ్ ఫైల్ మారితేనే రీస్టార్ట్ కావాలి. దాని కోసం టెంప్లేట్ టాస్కులో (కాన్ఫిగ్ ఫైల్‌ను తయారుచేసి పెట్టేది) నోటిఫై అని రాసి, రీస్టార్ట్‌ను హ్యాండ్లర్ల విభాగంలో పెడతారు. ఎన్ని టాస్కులు పిలిచినా హ్యాండ్లర్ ఒక్కసారే, టాస్కులన్నీ అయ్యాక నడుస్తుంది. పిలిచిన వరుసలో కాదు, హ్యాండ్లర్ల విభాగంలో రాసిన వరుసలో.

ఇందులో ఒక గుంట ఉంది. కాన్ఫిగ్ ఫైల్ మారింది, హ్యాండ్లర్‌కు కబురు వెళ్లింది, అంతలో వేరే టాస్క్ ఫెయిలైంది. ఆ సర్వర్‌లో హ్యాండ్లర్ నడవదు. మీరు లోపం సరిచేసి మళ్లీ నడిపారు. ఈసారి కాన్ఫిగ్ ఫైల్ ముందే సరైన రూపంలో ఉంది కాబట్టి ‘మార్పు లేదు’ అంటుంది, హ్యాండ్లర్‌కు కబురే వెళ్లదు. అన్నీ పచ్చగా కనిపిస్తాయి, సర్వీసు మాత్రం పాత కాన్ఫిగ్‌తోనే నడుస్తుంటుంది. దీనికి మందు --ఫోర్స్-హ్యాండ్లర్స్, లేదా ముఖ్యమైన మార్పు వెంటనే మెటా మాడ్యూల్‌తో ఫ్లష్_హ్యాండ్లర్స్ పిలవడం. నేను రెండోదే వాడతాను. మార్పుకూ రీస్టార్ట్‌కూ మధ్య ఎడం తక్కువ ఉంటే లోపం ఎక్కడిదో తెలుసుకోవడం తేలిక.

ఫైల్ పెట్టేముందే తప్పుల్ని పట్టుకోవాలంటే టెంప్లేట్ మాడ్యూల్‌లో వాలిడేట్ ఉంది. ఎస్‌ఎస్‌హెచ్‌డి -టి -ఎఫ్ అనో, ఎన్‌జిన్‌ఎక్స్ -టి -సీ అనో రాసి, ఫైల్ పేరు చోట శాతం గుర్తు, ఎస్ అక్షరం పెట్టాలి. మొత్తం కాన్ఫిగ్ ఒకే ఫైల్‌లో ఉంటేనే ఇది కుదురుతుంది. కాన్ఫ్.డి ఫోల్డర్‌లో పెట్టే చిన్న ముక్కను విడిగా పరీక్షిస్తే ఎన్‌జిన్‌ఎక్స్ ఒప్పుకోదు. అలాంటప్పుడు బ్యాకప్ ట్రూతో ఫైల్ పెట్టి, తర్వాతి టాస్కులో ఎన్‌జిన్‌ఎక్స్ -టి నడపండి. అది తప్పితే ఫైల్ అప్పటికే డిస్కు మీదికి చేరిపోయి ఉంటుంది. నడుస్తున్న ఎన్‌జిన్‌ఎక్స్ మెమరీలోని పాత కాన్ఫిగ్‌తో కొనసాగుతుంది కానీ, ఆ ఫైల్‌ను అలాగే వదిలేస్తే తర్వాతి రీబూట్‌లో మొదలవదు. కాబట్టి రెస్క్యూ బ్లాక్‌లో (టాస్కు ఫెయిలైతేనే నడిచే భాగం) పాత ఫైల్‌ను వెనక్కి తెచ్చే టాస్క్ రాసిపెట్టండి.

ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసునే రీస్టార్ట్ చేయాల్సి వస్తే ముందు వేరే టెర్మినల్‌లో ఒక లాగిన్ తెరిచి ఉంచండి. రీస్టార్ట్ అయినా నడుస్తున్న సెషన్లు మామూలుగా తెగవు. ఆ పాత సెషన్‌లో ఉండగానే కొత్త లాగిన్ వస్తోందో లేదో చూడండి. ఉబుంటు 22.10 నుంచి ఎస్‌ఎస్‌హెచ్ సాకెట్ ద్వారా మొదలవుతుంది, అక్కడ పోర్ట్ మార్చాలంటే సాకెట్ యూనిట్‌ను కూడా పట్టించుకోవాలి.

8. ‘ఓకే’ అంటే సరిపోదు

సిస్టమ్‌డిలో సర్వీసు టైప్ సింపుల్ అయితే, ప్రాసెస్ పుట్టించగానే ‘మొదలైంది’ అని సిస్టమ్‌డి అనేస్తుంది. ఆ ప్రోగ్రామ్ కాన్ఫిగ్ చదివిందా, డేటాబేస్‌కు తగులుకుందా, పోర్ట్ తెరిచిందా అన్నది దానికి పట్టదు. ఆన్సిబుల్ సిస్టమ్‌డి మాటనే నమ్ముతుంది. అర సెకను తర్వాత ప్రాసెస్ చచ్చిపోయినా మీకు కనిపించేది పసుపు రంగులో ఛేంజ్డ్ మాత్రమే. టైప్ నోటిఫై ఉన్న సర్వీసులు నయం, సిద్ధమయ్యాకే అవి స్వయంగా కబురు పంపుతాయి. మీ సొంత అప్లికేషన్ అయితే డెవలపర్లను అడిగి నోటిఫై పెట్టించుకోండి.

కాబట్టి రీస్టార్ట్ తర్వాత పరీక్ష కూడా ప్లేబుక్‌లోనే ఉండాలి. వెయిట్_ఫర్ మాడ్యూల్‌తో పోర్ట్ తెరుచుకునేదాకా ఆగవచ్చు. దాని టైమ్‌అవుట్ మామూలుగా 300 సెకన్లు, చాలా సర్వీసులకు అది మరీ ఎక్కువ, ముప్పైకి తగ్గించండి. పోర్ట్ తెరుచుకోవడం కూడా సగం రుజువే. వెబ్ సర్వీసైతే యూఆర్‌ఐ మాడ్యూల్‌తో హెల్త్ అడ్రస్‌ను (సర్వీసు బాగుందో లేదో చెప్పే పేజీ) అడిగి 200, అంటే ‘బాగుంది’ అన్న జవాబు, వస్తోందా చూడండి. అన్‌టిల్, రీట్రైస్, డిలే కలిపితే కొంతసేపు మళ్లీమళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ హెల్త్ అడ్రస్ ఊరికే ‘ఓకే’ అని ముద్రించే పేజీ కాకుండా, డేటాబేస్‌ను ఒకసారి తాకి వచ్చేదిగా ఉండటం మంచిది.

పడిలేస్తూ ఉండే సర్వీసును పట్టుకోవడం ఇంకొంచెం కష్టం. యూనిట్‌లో రీస్టార్ట్ ఆల్వేస్ ఉంటే, చచ్చిన ప్రతిసారీ సిస్టమ్‌డి లేపుతుంది. మామూలు పరిమితి 10 సెకన్లలో 5 సార్లు, అది దాటితే ఫెయిల్డ్ అని వదిలేస్తుంది. కానీ రీస్టార్ట్‌సెక్ విలువ 5 సెకన్లు పెట్టిన సర్వీసు ఆ పరిమితిని ఎప్పటికీ చేరదు, రోజంతా చచ్చి బతుకుతూనే ఉంటుంది. మీరు చూసిన క్షణంలో అది బతికి ఉంటే యాక్టివ్ అనే కనిపిస్తుంది. సిస్టమ్‌సీటీఎల్ షో కమాండ్‌తో ఎన్‌రీస్టార్ట్స్ అన్న సంఖ్యను తీసుకుని, ఇరవై సెకన్లు ఆగి మళ్లీ తీసుకోండి. పెరిగితే సంగతి తెలిసిపోయినట్టే. తర్వాత జర్నల్‌సీటీఎల్ -యూ తో ఆ సర్వీసు లాగ్ చివరి యాభై వరుసలు తెప్పించి, ఫెయిలైన టాస్కు పక్కనే ముద్రించేలా రెస్క్యూలో పెట్టండి. లోపం చూడటానికి మళ్లీ సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పని తప్పుతుంది.

ఆపేటప్పుడు కూడా ఓపిక కావాలి. టైమ్‌అవుట్‌స్టాప్‌సెక్ మామూలుగా 90 సెకన్లు. అంతలో ఆగకపోతే సిస్టమ్‌డి కిల్ సిగ్నల్ పంపి చంపేస్తుంది. డేటాబేస్‌లకు ఈ గడువు ముందే పెంచిపెట్టాలి.

9. అన్నిటినీ ఒకేసారి కాదు

ఆన్సిబుల్ మామూలుగా ఒకేసారి ఐదు సర్వర్ల మీద పనిచేస్తుంది, దాన్ని ఫోర్క్స్ అంటారు. కానీ ఫోర్క్స్ అన్నది వేగానికి సంబంధించింది, రక్షణకు కాదు. ఐదేసి చొప్పున ఒక టాస్కును అందరి మీదా ముగించాకే తర్వాతి టాస్కుకు వెళుతుంది. అంటే రీస్టార్ట్ టాస్కు మొత్తం నలభై సర్వర్లనూ తాకాక గానీ హెల్త్ పరీక్ష మొదలవదు. అప్పటికి అంతా పడిపోయి ఉండవచ్చు.

సీరియల్ అనే మాట కావాల్సింది ఇందుకే. దానికి జాబితా ఇవ్వండి: మొదట 1, తర్వాత 10 శాతం, ఆ తర్వాత 25 శాతం. మొదటి సర్వర్‌లో రీస్టార్ట్, పరీక్ష అన్నీ పూర్తయి నెగ్గితేనే రెండో గుంపుకు వెళుతుంది. మ్యాక్స్_ఫెయిల్_పర్సంటేజ్ 0 పెడితే ఒక్కటి ఫెయిలైనా ఆగిపోతుంది. ఈ శాతం గురించి ఒక మాట: ఫెయిలైనవి అంతకు మించితేనే ఆగుతుంది, సమానమైతే ఆగదు. నాలుగింటిలో రెండు పోతే ఆగాలంటే 50 కాదు, 49 రాయాలి.

లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే పనిని సర్వర్ల మధ్య పంచేది) వెనకాల ఉన్న సర్వర్లయితే ప్రీ_టాస్క్స్‌లో ఆ సర్వర్‌ను బ్యాలెన్సర్ నుంచి తప్పించి, పరీక్ష నెగ్గాక పోస్ట్_టాస్క్స్‌లో తిరిగి చేర్చండి. టాస్కును వేరే మెషీన్ మీద నడిపించే డెలిగేట్_టు ఆ పని చేస్తుంది. రన్_వన్స్ అని పెట్టిన టాస్కు సీరియల్ ఉన్నప్పుడు గుంపుకు ఒకసారి చొప్పున నడుస్తుంది, డేటాబేస్ మైగ్రేషన్ లాంటివి అందులో పెట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

నడిపేముందు --లిస్ట్-హోస్ట్స్ తో ఏయే సర్వర్లు తగులుతాయో చూడండి. --చెక్, --డిఫ్ కలిపి నడిపి ఏం మారుతుందో చదవండి. చెక్ మోడ్‌లో కమాండ్ మాడ్యూల్ టాస్కులు మామూలుగా దాటవేయబడతాయి, సర్వీసు నిజంగా లేస్తుందో లేదో కూడా అది చెప్పలేదు. తర్వాత --లిమిట్ తో ఒక్క సర్వర్ మీద నిజంగా నడపండి. అప్పుడు మిగతావి.

10. రహస్యాలు

పాస్‌వర్డ్‌లను ఇన్వెంటరీలో మామూలు అక్షరాల్లో రాయకండి. ఆన్సిబుల్ వాల్ట్ ఏఈఎస్256తో ఫైల్‌ను మూసిపెడుతుంది. అయితే వాల్ట్ కాపాడేది డిస్కు మీది ఫైల్‌నే. టాస్కు నడిచేటప్పుడు ఆ విలువ తెర మీద, లాగ్‌లో కనిపించవచ్చు. అలాంటి టాస్కులకు నో_లాగ్ ట్రూ పెట్టండి. టెంప్లేట్‌లో పాస్‌వర్డ్ ఉంటే --డిఫ్ కూడా దాన్ని బయటపెడుతుంది, అక్కడా అదే మందు.

11. విండోస్ సర్వర్లు ఉంటే

విండోస్‌కు విన్‌ఆర్‌ఎం (విండోస్‌ను దూరం నుంచి నిర్వహించే పద్ధతి) ద్వారా వెళతారు. పోర్టులు 5985, 5986, రెండోది హెచ్‌టీటీపీఎస్. డొమైన్ (అకౌంట్లన్నీ ఒకేచోట ఉండే నెట్‌వర్క్) ఉంటే లాగిన్‌కు కెర్బరోస్ పద్ధతి వాడండి. బేసిక్ లాగిన్ పద్ధతిని 5985 మీద ఎప్పుడూ వాడకండి, పాస్‌వర్డ్ దాదాపు బట్టబయలుగా వెళుతుంది. సర్వీసులకు విన్_సర్వీస్ మాడ్యూల్ ఉంది. స్టార్ట్_మోడ్‌కు ఆటో, డిలేడ్, మాన్యువల్, డిసేబుల్డ్ విలువలు ఇవ్వవచ్చు.

ఆన్సిబుల్ లేకుండా పవర్‌షెల్ ఒక్కదానితోనూ పని జరుగుతుంది. ఇన్వోక్-కమాండ్‌కు కంప్యూటర్ పేర్లు ఇచ్చి, లోపల రీస్టార్ట్-సర్వీస్ రాస్తే చాలు. ఒకేసారి 32 మెషీన్ల దాకా వెళుతుంది, అక్కడ సీరియల్ లాంటిది మీరే లూప్‌గా రాసుకోవాలి. గెట్-సర్వీస్‌కు నేరుగా కంప్యూటర్ పేరు ఇచ్చే పాత అలవాటు పవర్‌షెల్ 6 నుంచి పోయింది, స్క్రిప్టులు పాతవైతే అక్కడే ఆగుతాయి.

హక్కుల విషయంలో విండోస్ ఒక మెట్టు పైనే ఉందనిపిస్తుంది. సుడోతో ఆన్సిబుల్‌కు కుదరని ఇరుకైన అనుమతి ఇక్కడ జేఈఏ (జస్ట్ ఎనఫ్ అడ్మినిస్ట్రేషన్) అనే పద్ధతితో కుదురుతుంది. ‘ఈ గ్రూప్ వాళ్లు రీస్టార్ట్-సర్వీస్ ఒక్కటే, అదీ ఈ రెండు పేర్లకే వాడగలరు’ అని రోల్ ఫైల్‌లో రాస్తే, వాళ్లు అడ్మిన్లు కాకుండానే ఆ పని చేయగలుగుతారు. హెల్ప్‌డెస్క్ టీమ్‌కు ఇవ్వడానికి ఇంతకన్నా తగినది లేదు.

లోకల్ అడ్మిన్ అకౌంట్‌తో వెళ్లినా ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’, అంటే ఎర్రర్ 5 వస్తుంటే, పాస్‌వర్డ్ తప్పని అనుకోకండి. విండోస్‌లోని యూఏసీ అనే రక్షణ, రిమోట్‌గా వచ్చిన లోకల్ అకౌంట్ నుంచి అడ్మిన్ హక్కును తీసేసి ఉంటుంది. లోకల్‌అకౌంట్‌టోకెన్‌ఫిల్టర్‌పాలసీ అనే రిజిస్ట్రీ విలువతో దాన్ని మార్చవచ్చు కానీ, డొమైన్ అకౌంట్ వాడటం మెరుగైన దారి. ఎర్రర్ 1069 అంటే సర్వీసు నడిచే అకౌంట్ లాగిన్ కాలేకపోయింది, ఎక్కువసార్లు ఎవరో పాస్‌వర్డ్ మార్చి సర్వీసులో మార్చడం మరిచిపోయి ఉంటారు. మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్లకు మారితే ఈ బెడద ఉండదు. 1053 అంటే 30 సెకన్లలో సర్వీసు జవాబివ్వలేదు. గడువు పెంచే ముందు ఈవెంట్ వ్యూయర్ తెరిచి అది దేనికోసం ఆగిందో చూడండి. స్టాప్ పెండింగ్‌లో ఇరుక్కుపోయిన సర్వీసును చంపాల్సి వస్తే ఎస్‌సీ క్వెరీఎక్స్‌తో దాని ప్రాసెస్ నంబర్ తీసుకోండి. అది ఎస్‌వీసీహోస్ట్ అయితే మాత్రం చేయి వెనక్కి తీసుకోండి. అదే ప్రాసెస్‌లో ఇంకొన్ని సర్వీసులు కూడా నడుస్తూ ఉండవచ్చు, వాటిని కూడా కలిపి చంపినట్టవుతుంది. టాస్క్‌లిస్ట్‌కు /ఎస్‌వీసీ ఇస్తే ఆ ప్రాసెస్ లోపల ఎవరెవరు ఉన్నారో చూపిస్తుంది.